కంఠతా వచ్చిన పద్యాన్ని కొత్తగా చదవడం ఎలా?

గజేంద్ర మోక్షం మీకు వచ్చే ఉంటుంది. ఎవరైనా "అల వైకుంఠపురంబులో" అని అందుకుంటే చాలు, మిగతాది నాలుక దానంతట అదే చెప్పేస్తుంది. నాకూ అంతే. మా తాతగారు అన్నం తినిపిస్తూ నేర్పిన పద్యాలవి. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి అరుగు మీద ఏటా కార్తీకంలో పోతన భాగవతం చదవడం ఆయన పెట్టిన అలవాటు. ఆయన తరవాత నాన్న, నాన్న తరవాత నేను.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం అష్టమ స్కంధం చదువుతున్నాను. అంతకుముందు రోజు కుందిలోని నూనె పుస్తకం మీద ఒలికింది. తుడిచాను గానీ కొన్ని పేజీలు నూనె పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేను చూసుకోలేదు. మొసలి ఏనుగును నీళ్ళలోకి లాగుతోంది, పేజీ తిప్పాను, "అల వైకుంఠపురంబులో" అని రాగం అందుకున్నాను. వింటున్నవాళ్ళు పదిహేను మంది ఉంటారు, అందరూ తెలుగువాళ్ళే, అందరికీ కథ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. మా పక్కింటి ఒడియా మౌసీ ఒక్కావిడే చెయ్యెత్తింది. ఆవిడకి తెలుగు సగం సగం వస్తుంది.

"బాబూ, హాతీ ఇంకా పిలవనే లేదు కదా. ఠాకురొ ఎందుకు వచ్చేస్తున్నాడు?"

వెనక్కి తిప్పి చూస్తే గజేంద్రుడి మొర మొత్తం ఆ అతుక్కున్న పేజీల్లో ఉండిపోయింది. "ఎవ్వనిచే జనించు" లేదు, "కలడందురు" లేదు, "లావొక్కింతయు లేదు" లేదు. మొర లేకుండానే దేవుణ్ణి రప్పించేశాను. అది నాకు తెలియలేదు, ఎందుకంటే నా కళ్ళు పుస్తకం మీద ఉన్నా చదువుతున్నది నా జ్ఞాపకం. జ్ఞాపకానికి పేజీలతో పని లేదు. ఏది ఉన్నా లేకపోయినా "నాకు తెలుసు" అంటూ ముందుకు వెళ్ళిపోతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళుగా నేను చదివినదెంత, అప్పజెప్పినదెంత అని ఒకటే ఆలోచన. అప్పటి నుంచి మెల్లగా ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. మీ గ్రంథం భాగవతం కావచ్చు, గీత కావచ్చు, బైబిలో ఖురానో కావచ్చు, ఇందులో చాలావరకు మీకూ పనికొస్తుంది. నాకు తెలిసినది భాగవతం కాబట్టి ఉదాహరణలు అందులోంచే ఇస్తాను.

1. ముందు పుస్తకం మూసి రాయండి

బాగా తెలుసనుకున్న ఘట్టం ఒకటి ఎంచుకోండి. పుస్తకం తెరవకుండా కథంతా ఒక కాగితం మీద రాయండి. పది పన్నెండు వాక్యాలు చాలు. ఎవరు ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఎంతసేపు జరిగింది, ఎవరు ఏమన్నారు, అన్నీ రాయండి. తరవాత పుస్తకం తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. మీరు వదిలేసినవాటి కింద ఒక రంగుతో, మీరు సొంతంగా కలిపినవాటి కింద ఇంకో రంగుతో గీత గీయండి.

నా కాగితం మీద ఏముందో చెబుతాను. "ఏనుగు, మొసలి చాలాసేపు పోరాడాయి" అని రాశాను. మూలంలో అది వెయ్యేళ్ళు. వెయ్యేళ్ళ పోరాటాన్ని నేను ఒక మధ్యాహ్నం పనిగా మార్చేసుకున్నాను. "ఏనుగు ఒంటరిగా పోరాడింది" అని రాశాను. వ్యాసుడు అలా అనలేదు. తోటి ఏనుగులు వెనక నుంచి పట్టి లాగడానికి ప్రయత్నించాయి, వాటి వల్ల కాలేదు. అయినవాళ్ళు సాయం పట్టి కూడా రక్షించలేకపోవడం ఒక సంగతి, ఎవరూ లేకపోవడం ఇంకో సంగతి. మనలో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

ఇంకొకటి కూడా జరిగింది. తొండంతో తామరపువ్వు ఎత్తి పట్టుకున్న ఏనుగు బొమ్మ క్యాలెండర్లలో చూసి, అది బొమ్మ గీసినవాళ్ళు కలిపిందనుకున్నాను. అందుకే కాగితం మీద రాయలేదు. తీరా చూస్తే అది సంస్కృత మూలంలో ఉంది. ఆకాశంలో హరిని చూసి గజేంద్రుడు పువ్వున్న తొండాన్ని పైకెత్తి, అతి కష్టం మీద ఒక్క మాట అంటాడు: "నారాయణాఖిలగురో భగవన్ నమస్తే." వెయ్యేళ్ళ నొప్పిలో ఉన్నవాడి చేతిలో పువ్వుంది. క్యాలెండర్‌వాళ్ళు చదివినంత శ్రద్ధగా నేను చదవలేదు.

ఈ పని చేస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది. ఫరవాలేదు, అక్కడి నుంచే చదువు మొదలవుతుంది.

2. అడ్డం పెట్టి చదవండి

రోజుకో అధ్యాయం లెక్కన చదివే అలవాటుంటే ఈ ఒక్క ఘట్టానికి దాన్ని పక్కన పెట్టండి. నేను ఏకాదశి నుంచి ఏకాదశి వరకు ఒకే ఘట్టం పెట్టుకుంటాను. రోజుకి ఒక పద్యం, పదిహేను నిమిషాలు. మందపాటి అట్టముక్క ఒకటి తీసుకుని పద్యం మీద అడ్డం పెట్టండి. ఒక క్రియ వచ్చేవరకే అట్ట జరపండి. అక్కడ ఆగి ఆ ముక్క అర్థం మీ మాటల్లో పైకి అనండి. తరవాతే ఇంకో ముక్క. నాలుకకి ఇది అస్సలు నచ్చదు, పరిగెడతానంటుంది. పరిగెత్తనివ్వకండి.

"సిరికిం జెప్పడు" పద్యాన్ని ఇలా చదివి చూడండి. సిరికి చెప్పడు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు. పరివారాన్ని పిలవడు. గరుడుణ్ణి సిద్ధం చెయ్యమనడు. చెవుల దాకా జారిన జుట్టు సరిచేసుకోడు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైట కొంగు వదలడు. ఆరు క్రియలు, ఆరూ "డు" అనే కాదనడాలే. భగవంతుడి రాకను చెప్పే పద్యంలో "వచ్చాడు" అన్న మాటే లేదు. ఆయన ఏం చెయ్యలేదో చెప్పి, ఆ తొందరను మన కళ్ళ ముందు పెట్టాడు పోతన.

అట్ట జరుపుతూ ఆ తరవాతి పద్యానికి వెళ్ళండి, "తనవెంటన్ సిరి" అన్నది. సిరి ఆయన వెంట వస్తోంది. లచ్చి వెంట అంతఃపుర స్త్రీలు. వెనక గరుడుడు. ఆ పక్కన విల్లు, గద, శంఖచక్రాలు. తరవాత నారదుడు, విష్వక్సేనుడు, వైకుంఠంలో ఉన్న చిన్నా పెద్దా అందరూ. ముందు పద్యంలో ఎవరెవరిని పిలవలేదని చెప్పాడో వాళ్ళంతా పిలవకుండానే ఇక్కడ బయల్దేరారు. ఈ రెండు పద్యాలు నాకు ఐదో ఏట నుంచీ వచ్చు. ఒకదానికొకటి జవాబు చెబుతున్నాయని యాభై దాటాక, అట్టముక్క సాయంతో తెలిసింది.

మీరు రోజూ చదివేది గీత అయితే రెండో అధ్యాయం 47వ శ్లోకం మీద అట్ట పెట్టండి. "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" దగ్గర మనందరం ఆగిపోతాం, బ్యాంకు క్యాలెండర్ మీద కూడా అంతే ఉంటుంది. ఇంకా రెండు పాదాలున్నాయి. చివరిది "మా తే సంగోఽస్త్వకర్మణి", పని చెయ్యకుండా కూర్చోవడం మీద మోజు పడకు అని. ఫలితం ఆశించకూడదు కదా అని చేతులు ముడుచుకునేవాడికి అదే శ్లోకంలో జవాబు ఉంది. మనం సగంలో ఆపేశాం కాబట్టి వినపడలేదు.

3. తెలుసనుకున్న మాటల మీద అనుమానం పెట్టుకోండి

అర్థం కాని మాట వస్తే ఎవరైనా నిఘంటువు చూస్తారు. తెలిసిన మాటతోనే ప్రమాదం. "లావొక్కింతయు లేదు" అని మా మనవరాలి చేత చెప్పిస్తే, "ఏనుగు లావుగా లేదా తాతా?" అంది. దాని తప్పేముంది? ఇవాళ లావు అంటే ఒళ్ళే. పద్యంలో లావు అంటే బలం. ఈ సంగతి మనకు తెలుసు, కానీ ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన తెలివి అది. దాని ప్రశ్న విన్నాక ఆ పద్యాన్ని వరసగా చూశాను. ముందు బలం పోయింది. తరవాత ధైర్యం సడలింది. ప్రాణాలు ఠావులు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్ళు డస్సింది. మనిషి చితికిపోయే వరస అది, ఒక్కొక్క మెట్టు దిగుతూ.

ఇంకో మాట "దాపల". "ఆ మూల సౌధంబు దాపల" అన్నప్పుడు "దగ్గర" అనుకుంటూ దాటేసేవాణ్ణి. ఒకసారి మా గుమ్మం ముందు నాటుబండి ఆగితే బండివాడు "దాపటెద్దు మొరాయిస్తోంది బాబూ" అన్నాడు. కాడికి ఎడమ వైపు కట్టేది దాపటెద్దు, కుడి వైపుది వలపటెద్దు. నిఘంటువులో చూస్తే దాపల అంటే ఎడమ పక్క అనే ఉంది. దగ్గర అని చెప్పే వ్యాఖ్యానాలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. కానీ ఎడమ పక్క అనుకుని చదివితే పద్యం దారి చూపించే మనిషిలా మాట్లాడుతుంది. అదిగో ఆ మూల మేడ, దాని ఎడమ పక్క మందారవనం, అందులో అమృతపు చెరువు, గట్టున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు. చేత్తో చూపించినట్టు లేదూ!

మీరు చెయ్యాల్సింది చిన్న పనే. ఒక నోటు పుస్తకంలో రోజూ ఒక "తెలిసిన" మాట రాసి దాని అర్థం వెతకండి. బ్రౌణ్య నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు రెండూ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి.

4. ఎవరు ఎవరితో అంటున్నారో చూడండి

"వాడు", "నీవు", "నేను" లాంటి మాటల కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఇంతకంటే తేలికైన పని లేదు, ఇంత ఫలితం ఇచ్చేదీ లేదు. "ఎవ్వనిచే జనించు" పద్యం "వాని" శరణు వేడుతుంది. "కలడందురు" పద్యంలో దేవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు. దీనుల యెడ ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. అంతా ఎవరో అన్న మాటే. ఆఖరి పాదంలో "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానం పైకే వచ్చేస్తుంది. మొర మధ్యలో, అంత భక్తుడి నోటి నుంచి. దాన్ని మనం ఎంత హాయిగా రాగం తీసి పాడేస్తున్నాం! ఆ తరవాత "లావొక్కింతయు" దగ్గరికి వస్తే "నీవే తప్ప నితఃపరం బెరుగ". వాడు పోయి నీవు వచ్చింది. అనుమానం ఏ వాదంతోనూ తీరలేదు. బలం పూర్తిగా అయిపోయాక దేవుడితో నేరుగా మాట్లాడడం మొదలైంది.

ఈ సంగతి మా కాలేజీ నాటి స్నేహితుడికి చెప్పాను. అతను క్రైస్తవుడు, మా గజపతి జిల్లాలో వాళ్ళు చాలామందే ఉన్నారు. అతను బైబిల్ తెరిచి 23వ కీర్తన చూపించాడు. "యెహోవా నా కాపరి" అని మొదలై, పచ్చికలోను నీళ్ళ దగ్గరా "ఆయన" నడిపిస్తాడు. గాఢాంధకారపు లోయ రాగానే "నీవు నాకు తోడై యుందువు" అవుతుంది. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో చెప్పినదే, ఇప్పుడే చూశానని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

5. పక్కవాళ్ళ భాషలో చదవండి

సరిహద్దులో ఉన్న మనకి ఇది పెద్ద వరం, వాడుకోవడం లేదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అప్పటి నుంచి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మన పిల్లలకి తెలుగు చదవడం రావట్లేదని బాధపడుతూనే ఉంటాం. ఆ బాధ నాకూ ఉంది. కానీ అదే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒడియా భాగవతం చదివించుకోండి.

అది పూరీలో జగన్నాథ దాసు 16వ శతాబ్దంలో రాసింది. పాదానికి తొమ్మిది అక్షరాలు, నవాక్షరి అంటారు. వాళ్ళమ్మకు అర్థం కావాలని రాశాడని చెప్పుకుంటారు. ఒడియా పల్లెల్లో భాగవత టుంగి అని ఒక చిన్న ఇల్లు ఉంటుంది, సాయంత్రాలు ఊరంతా చేరి అక్కడే వింటారు. మన శార్దూలాలూ మత్తేభాలూ ఏనుగు నడకలా వస్తే, తొమ్మిదక్షరాల పాదం చిన్నపిల్ల గెంతినట్టు వస్తుంది. కథ అదే అయినా మన జ్ఞాపకానికి పట్టు దొరకదు. ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదివే నాలాంటివాళ్ళకైతే పరిగెత్తడం అసలే కుదరదు. పద్యం రెండో పాదానికి వచ్చేసరికి "తరవాత ఏమవుతుంది?" అనిపిస్తుంది. ఎన్నేళ్ళయింది ఆ మాట అనుకుని!

మాఘ పూర్ణిమ నాడు పూరీలో జగన్నాథుడికి గజ ఉద్ధారణ వేషం వేస్తారు. మౌసీకి గజేంద్రుడంటే ముందు ఆ వేషమే గుర్తొస్తుంది, మనకి పోతన పద్యం గుర్తొస్తుంది. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుంటే రెండూ వస్తాయి.

మీరు మహారాష్ట్ర వైపు సిరొంచలోనో దెగ్లూరులోనో ఉంటే మరాఠీ ఉండనే ఉంది. గీత చదివేవాళ్ళు దానికి మరాఠీ వ్యాఖ్య అయిన జ్ఞానేశ్వరిని పక్కన పెట్టుకోండి.

6. తెలియనివాళ్ళకి చదివి వినిపించండి, ఆపే హక్కు ఇవ్వండి

తెలిసినవాళ్ళ మధ్య చదివితే ఎవరూ ఆపరు. నా అనుభవం చెప్పాను కదా. అందుకే వినేవాళ్ళలో కనీసం ఒక్కరైనా కథ తెలియనివాళ్ళు ఉండేలా చూసుకోండి. పిల్లలు, కొత్త కోడలు, అద్దెకున్నవాళ్ళు, ఎవరైనా సరే. ముందే చెప్పండి: "మధ్యలో ఎక్కడైనా ఆపి అడగొచ్చు." అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. ఇది చాలా కష్టం, ముఖ్యంగా పెద్దవాళ్ళకి. ప్రశ్న నోటు పుస్తకంలో రాసుకుని "రేపు చూద్దాం" అనండి. రాత్రి మూలం చూడండి. నా పుస్తకంలో ఇప్పుడు అరవై దాకా ప్రశ్నలున్నాయి, సగం మౌసీవే. ఆవిడ ప్రశ్నలకి జవాబు చెప్పాలనే సంస్కృత భాగవతం కొన్నాను.

విన్నవాళ్ళ చేత కథ చెప్పించుకోవడం, మీరే మీ యాసలో మళ్ళీ చెప్పడం కూడా మంచిది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. మన మాటల్లో చెప్పలేకపోయామంటే అక్కడ మనకి అర్థం కాలేదనే లెక్క. ఎక్కడ నోరు తడబడిందో అక్కడ పెన్సిల్ చుక్క పెట్టండి.

7. పుస్తకంలోని చోటు మీ ఊరికి ఎంత దూరమో చూడండి

భాగవతం తొమ్మిదో స్కంధం పదహారో అధ్యాయంలో పరశురాముడి కథ ముగుస్తుంది. "ఆస్తేఽద్యాపి మహేంద్రాద్రౌ న్యస్తదండః ప్రశాంతధీః." దండం వదిలేసి, శాంతించిన మనసుతో, ఇప్పటికీ మహేంద్ర పర్వతం మీద ఉన్నాడని. బలరాముడు తీర్థయాత్రకు బయల్దేరి ఆ కొండ మీదే ఆయనకు నమస్కరించి గోదావరి వైపు వెళ్ళాడని దశమ స్కంధంలో వస్తుంది. ఇది నేను ఎన్నిసార్లు చదివానో. మహేంద్రగిరి మా జిల్లాలోనే ఉంది. పదిహేను వందల మీటర్ల కొండ. మా ఊరి పక్కన పారే ఏరు పేరు మహేంద్రతనయ, ఆ కొండ కూతురు. శివరాత్రికి కొండెక్కి భీముడి గుడి, కుంతి గుడి చూసి వచ్చిన కాళ్ళే నావి. అయినా ఆ శ్లోకం దగ్గర ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

పోయిన శివరాత్రికి ఆ పేజీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. పైన రాతి గుడి మెట్టు మీద కూర్చుని "న్యస్తదండః" అన్న మాట చదివాను. ఇరవై ఒక్క సార్లు రాజుల్ని నరికినవాడు ఆయుధం కింద పెట్టి, ఇంకా ఎక్కడో ఈ పొగమంచులోనే ఉన్నాడట. చాలాసేపు లేవలేకపోయాను.

మీ ఊరి పక్కన మహేంద్రగిరి ఉండకపోవచ్చు. కానీ గ్రంథంలో ఉన్నవి చెరువు, కొండ, ఆవు, పొలం, ఏనుగు లాంటివే. లఖారి లోయ ఏనుగులు మందలుగా దిగి వస్తే రాత్రంతా పొలం కాపలా కాసే రైతులు మా వైపు ఉన్నారు. గజేంద్రుడి మంద దాహంతో మడుగు వైపు నడిచే వర్ణన చదివేముందు వాళ్ళతో ఒక గంట మాట్లాడండి. ఏనుగుల మంద నీళ్ళ వాసన పసిగడితే ఏమవుతుందో చెబుతారు.

8. ఎప్పుడూ దాటేసే పేజీకి వెళ్ళండి

ప్రతి ఘట్టంలోనూ మనం అలవాటుగా దాటేసేది ఒకటి ఉంటుంది. వంశావళి, పూర్వజన్మ, ఫలశ్రుతి ముందు నాలుగు పద్యాలు. ఒక వారం వాటినే చదవండి.

గజేంద్ర మోక్షంలో మొసలి చచ్చాక చాలామంది పుస్తకం కళ్ళకద్దుకుని లేస్తారు. ఆ తరవాత గజేంద్రుడి పూర్వకథ ఉంది. ఆయన ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజు. మామూలు రాజు కాదు, విష్ణు భక్తుడు. జడలు కట్టి, మలయపర్వతం మీద ఆశ్రమంలో మౌనవ్రతంతో పూజలో ఉన్నాడు. అగస్త్యుడు శిష్యులతో వచ్చాడు. రాజు లేవలేదు, పలకలేదు. పూజ మాత్రం సాగుతూనే ఉంది. "స్తబ్ధమతి" అయిన ఏనుగులా పుట్టమని ముని శపించాడు. స్తబ్ధమతి అంటే కదలిక లేని, బిగుసుకుపోయిన బుద్ధి.

పాపం చేసినవాడు కాదు, వ్యసనపరుడు కాదు. నియమం తప్పకుండా పూజ చేస్తున్నవాడు. ఆ పూజలో ఉండగానే గుమ్మం ముందుకు వచ్చినవాణ్ణి చూడలేదు. నలభై ఏళ్ళు నేను దాటేసిన పేజీ ఇదే. మొదటిసారి నిదానంగా చదివినప్పుడు నూనెకు అతుక్కున్న పేజీలు గుర్తొచ్చాయి.

రెండు జాగ్రత్తలు

పారాయణ మానేయమని నేను అనడం లేదు. మా అమ్మ విష్ణు సహస్రనామం అర్థం చూసుకోకుండానే చదివేది. ఆవిడకి అది జపం. ఆఖరి రోజుల్లో మనుషుల పేర్లు మరిచిపోయినా ఆ నామాలు మరిచిపోలేదు. జపానికి దాని వేళ ఉంది. ఇక్కడ చెప్పింది ఇంకో వేళకి, చదువుకునే వేళకి. రెండూ ఉంచుకోండి.

రెండోది, కొత్తగా చదవాలనే ఉత్సాహంలో లేని అర్థాలు లాక్కురాకండి. ఇదీ ఒక జబ్బే, నాకూ పట్టింది. ఏదైనా తోస్తే "మూలంలో ఏ మాట దీన్ని చెబుతోంది?" అని అడగండి. మాట దొరక్కపోతే కొట్టేయండి. ప్రవచనాలు వినండి, కానీ మీరు చదివాక వినండి. ముందే వింటే పద్యంలో ప్రవచనం చెప్పినాయన గొంతే వినపడుతుంది. ఏమీ తోచని రోజులుంటాయి. పదిహేను నిమిషాలూ కూర్చుని, తేదీ వేసి, ఏమీ రాయకుండా పుస్తకం మూసేయండి.

పోయిన ఏకాదశికి గజేంద్ర మోక్షం మళ్ళీ పూర్తయింది. ఈసారి పేజీలన్నీ ఉన్నాయి. లేవబోతుంటే మౌసీ అడిగింది, "బాబూ, మరి కుంభీరొ సంగతి? దాన్ని నీళ్ళలోనే వదిలేశాడా?" వెంటనే చెప్పబోయాను. పోతన చక్రాన్ని మడుగులోకి పంపాడు, అది మొసలి తల తెంచింది, మొసలి గంధర్వుడై వెళ్ళిపోయాడు, అంతా నాకు తెలుసు. నోరు మూసుకుని రాసుకున్నాను. రాత్రి సంస్కృతం తీశాను. మూడో అధ్యాయం ఆఖరి శ్లోకం. పీడపడుతున్న ఏనుగును చూసి హరి ఒక్కసారిగా దిగి, దయతో మడుగులోంచి పైకి లాగాడు. ఎలా లాగాడు అన్నదానికి వ్యాసుడు ఒక మాట వేశాడు, "సగ్రాహమ్". మొసలితో సహా. చక్రంతో మొసలి నోరు చీల్చడం తరవాతి మాట. ముందు ఇద్దర్నీ ఒడ్డుకు చేర్చాడు.

పొద్దున్నే పాలకి వెళ్తూ మౌసీ గుమ్మం దగ్గర ఆగి చెప్పాను. ఆవిడ చెంబు కింద పెట్టి, "ఇద్దర్నీనా?" అంది. వచ్చే ఏకాదశికి అక్కడి నుంచే మొదలుపెట్టమంది.